కాగితం మీది పేదలు

సుదర్శనరావు గారికి కులం పట్టింపు లేదు. ఆ సంగతి ఆయనే రోజూ చెప్పేవాడు.

కోదాడలో ఆయన ఇంటి పై అంతస్తులో మేం కిరాయికి ఉండేవాళ్ళం. డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరైన మనిషి. మిర్యాలగూడలో వాళ్ళకు రైస్‌మిల్లు ఉంది. కూతురూ అల్లుడూ అక్కడే ఉండి మిల్లు చూసుకునేవాళ్ళు. మనవడు ప్రణీత్ మాత్రం చదువు కోసం తాత దగ్గర పెరిగాడు. వాడూ నేనూ ఒకే ఏడాది ఇంటర్ ముగించి, మెడిసిన్ కోసం నీట్ రాశాం.

మా నాన్న జయరాజు హైస్కూలు హెడ్మాస్టరు. బడి నుంచి రాగానే మొహం కడుక్కుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కిందికి దిగేవాడు. వరండాలో సుదర్శనరావు గారి ఎదురుగా ఆయన కోసం ఒక కుర్చీ ఉండేది. ఆ కుర్చీలో కూర్చోవడం నాన్నకు ఉద్యోగంలో వచ్చిన అన్ని ప్రమోషన్ల కంటే పెద్దది. మెట్లు దిగుతుంటేనే ఆయన భాష మారిపోయేది. పైన అమ్మతో ‘గట్లనే ఉంటది’ అన్న మనిషి, కింద ‘అలాగే ఉంటుందండి’ అనేవాడు.

ఎవరైనా వస్తే సుదర్శనరావు గారు నాన్నను పరిచయం చేసేవాడు.

"మా జయరాజు గారండి. ఎస్సీ అయినా ఎంత నీటుగా ఉంటారో, ఎంత చక్కగా మాట్లాడతారో చూడండి."

పైన బాల్కనీలో బట్టలు ఆరేస్తూ ఆ మాట ఎన్నిసార్లు విన్నామో. ఆ ‘అయినా’ వినబడినప్పుడల్లా అమ్మ చేతిలో ఉన్న తడిబట్టను అవసరానికి మించి గట్టిగా దులిపేది. నాన్న మాత్రం మెడలో దండ వేయించుకుంటున్నట్టు తలవంచి నవ్వేవాడు.

ఆ ఏడు వానాకాలం మొదట్లో ఫలితాలు వచ్చాయి. నా మార్కులు ప్రణీత్ మార్కుల కంటే ఎక్కువ. ఓపెన్‌లో సర్కారు సీటుకు అవి చాలవు గానీ, ఎస్సీ కోటాలో సూర్యాపేట మెడికల్ కాలేజీలో ఖాయంగా వస్తుందని కోచింగ్ సార్లు చెప్పారు. అమ్మ ఆ సాయంత్రమే పెన్‌పహాడ్‌లో ఉండే మా మేనమామకు ఫోన్ చేసింది. "డాక్టరమ్మకు మామవైనవ్ పో అన్నా" అని నవ్వబోయి ఏడ్చింది. లచ్చయ్య మామ సూర్యాపేట మార్కెట్ యార్డులో హమాలీ. ఆయన బిడ్డ సంగీత కూడా ఆ పరీక్ష రాసింది. కోచింగ్ లేదు. నేను వాడి వదిలేసిన పుస్తకాలు ముందేసుకుని, పత్తి ఏరే రోజులు పోగా మిగిలిన రోజుల్లో చదివింది. దానికి చాలా తక్కువ మార్కులొచ్చాయి.

మర్నాడు సాయంత్రం నాన్న నన్ను కూడా కిందికి తీసుకెళ్ళాడు. సుదర్శనరావు గారు నన్ను మెచ్చుకున్నాడు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ మొదలుపెట్టాడు.

"జయరాజు గారూ, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ అమ్మాయికి రిజర్వేషన్ అవసరమంటారా?"

నాన్న కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నాడు.

"మీరు గెజిటెడ్ ఆఫీసరు. కారుంది. సూర్యాపేటలో ప్లాటుంది. మీ వాళ్ళలోనే కూలికి పోయేవాళ్ళ పిల్లలున్నారు. వాళ్ళ నోటి దగ్గర కూడు మీరే లాక్కుంటే ఎలాగండి? అందుకే నేననేది, రిజర్వేషన్‌కి కులం కాదు, ఆర్థిక పరిస్థితి చూడాలి. పేదవాడు ఏ కులంలో పుట్టినా పేదవాడే కదండీ."

"నిజమేనండి," అన్నాడు నాన్న.

"మీరు ఒప్పుకుంటారని నాకు తెలుసు. మీరు అందరిలాంటి వారు కాదు."

ఆ చివరి మాటతోనే నా సీటు పోయింది. తర్వాత జరిగిందంతా లాంఛనం.

సుదర్శనరావు గారు ‘ప్రతిభా వేదిక’ అని ఒక సంఘం నడిపేవాడు. మిల్లు ఓనర్లు, రిటైరైన లెక్చరర్లు, ఒకరిద్దరు డాక్టర్లు నెలకోసారి ఫంక్షన్ హాల్లో చేరి, దేశంలో ప్రతిభ ఎలా చచ్చిపోతోందో చెప్పుకుని, బిర్యానీ తిని వెళ్ళేవాళ్ళు. అలాంటి సభకు మా కులం నుంచి ఒక గెజిటెడ్ ఆఫీసరు, అదీ తలూపేవాడు దొరకడం వాళ్ళ అదృష్టం. ఆ నెల నాన్నను వేదిక మీద కూర్చోబెట్టారు. మైకు చేతికిచ్చారు.

"నేను రిజర్వేషన్ వల్లనే ఇంతవరకు వచ్చానండి," అన్నాడు నాన్న కింది అంతస్తు భాషలో. "నా కూతురికి ఆ అవసరం లేదు. తను ఓపెన్‌లోనే పోటీ పడుతుంది. ఆ సీటు మాలో పేదపిల్లలకు పోవాలి."

హాలంతా చప్పట్లు. ముందు వరుసలో ఒక డాక్టరు గారు లేచి నిలబడ్డాడు. తన పిల్లలిద్దరికీ డొనేషన్ కట్టి మెడిసిన్ చదివించిన మనిషి ఆయన, కోదాడలో అందరికీ తెలుసు. ఆయన కళ్ళు కూడా చెమర్చాయి. పక్కింటివాడు తన వస్తువు దానం చేస్తుంటే మనుషులు ఎంత హాయిగా చప్పట్లు కొడతారో ఆ రోజు చూశాను.

నా పక్క కుర్చీలో ప్రణీత్ ఉన్నాడు. ఫోన్‌లోంచి తలెత్తి అడిగాడు.

"నిజంగానే సర్టిఫికెట్ పెట్టట్లేదా నువ్వు?"

"నన్నెవరు అడిగిన్రు?"

"మా తాతయ్య నాకు ఈడబ్ల్యూఎస్ తీయించాడు. రిజర్వేషన్ లేని కులాల్లో పేదవాళ్ళకిస్తారు కదా, అది. మొన్ననే వచ్చింది."

"మీరు పేదోళ్ళా?"

వాడు నవ్వాడు. "మిల్లు అమ్మమ్మ పేరు మీద ఉంది. నాన్నకి అందులో జీతం, అంతే. అమ్మమ్మది మా లెక్కలోకి రాదంట."

సిగ్గుపడుతూ చెప్పలేదు, గొప్పగానూ చెప్పలేదు. బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పాడు. వేదిక మీద వాళ్ళ తాత, కులం పేరుతో ఇచ్చే ఊతకర్రలు దేశాన్ని కుంటిదాన్ని చేశాయని వివరిస్తున్నాడు.

ఇంటికి రాగానే నాన్నకు చెప్పాను.

"అది వేరు," అన్నాడు. "అది ఆర్థిక ప్రాతిపదిక. సార్ చెప్పేది గూడ గదే గదా, పేదరికం సూడాలని."

"మిల్లోళ్ళు పేదోళ్ళా?" అంది అమ్మ వంటింట్లోంచి.

"చట్టప్రకారం వాళ్ళకు అర్హత ఉన్నది. కాదనటానికి మనమెవరం?"

"చట్టప్రకారం నా బిడ్డక్కూడ ఉన్నది."

నాన్న గొంతు తగ్గించాడు. "మనకు ఇల్లు గడుస్తది నాగమణీ. మీ అన్న బిడ్డకు గడవదు. తరం తరం మనమే తీసుకుంటే సంగీతసోంటి పిల్లలు ఎప్పుడు పైకొస్తరు?"

ఆ మాట అబద్ధమని నేననను. అబద్ధమైతే నాకంత ఒళ్ళు మండేది కాదు. సంగీత చేతులు నేను చూశాను. పత్తికాయల అంచులు గీరుకుపోయి, వేళ్ళ చివర్లు ఎప్పుడూ మండుతుండేవి దానికి. కానీ నాన్నకు ఆ చేతులు గుర్తొచ్చింది సుదర్శనరావు గారి వరండాలో.

అమ్మ చెయ్యి కడుక్కుని బయటికొచ్చింది.

"సంగీత మీద గంత పావురం, గంత ప్రేమ ఉంటే, పోయినేడు మా అన్న వచ్చి కోచింగ్‌కు జర సాయం చెయ్యమంటే ఎందుకు చెయ్యకపోతివి? ప్లాటు కిస్తీ ఉన్నదంటివి. నీ జేబుల నుంచి పోయేటప్పుడు యాదికి రాని పేదోళ్ళు, నా బిడ్డ సీటు కాడ యాదికొచ్చిన్రా?"

నాన్న ఇస్త్రీ చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. చివరికి, "స్టేజీ మీద మాటిచ్చిన. ఇప్పుడు పెడితే నా పరువేం గావాలె?" అన్నాడు.

"ఎవరి దగ్గర పరువు?" అంది అమ్మ.

దానికి జవాబు కింది అంతస్తులో కూర్చుని పేపర్ చదువుకుంటోంది.

కౌన్సెలింగ్ దరఖాస్తు నాన్న తన బడిలో కంప్యూటర్ మీద తనే నింపాడు. ఫోన్ నంబరు ఆయనదే, మెయిల్ ఆయనదే. కులం సర్టిఫికెట్ జతచేయలేదు. అన్నం తింటూ, "అయిపోయింది" అని ఒక్క మాట అన్నాడు. అమ్మ కంచం పక్కకు జరిపి లేచింది. ఆ తర్వాత రోజూ నాన్నకు అన్నం పెట్టేది, నీళ్ళు పెట్టేది, మాట మాత్రం పెట్టేది కాదు.

మొదటి విడతలో నాకు సీటు రాలేదు. రెండో విడతలోనూ రాలేదు. ఇప్పుడు సర్టిఫికెట్ పెట్టుకోవచ్చా అని కోచింగ్ సార్‌ను అడిగితే, తుది జాబితా వచ్చాక కేటగిరీ మార్చరని చెప్పాడు.

ప్రణీత్‌కు సూర్యాపేటలోనే వచ్చింది, ఈడబ్ల్యూఎస్ కోటాలో. అది తెలిసిన సాయంత్రం సుదర్శనరావు గారు మా మెట్లెక్కి పైకి వచ్చాడు. మేం ఆ ఇంట్లో చేరిన నాటి నుంచి ఆయన మా గడప ముందుకు రావడం అదే మొదటిసారి. కిరాయైనా, కరెంటు బిల్లయినా, కబురైనా మమ్మల్నే కిందికి పిలిచేవాడు. చేతిలో లడ్డూల డబ్బా ఉంది. లోపలికి రమ్మని నాన్న ఎంత బతిమాలినా రాలేదు. చెప్పులు విప్పకుండా గుమ్మం బయటే నిలబడ్డాడు.

"మన ప్రణీత్‌కి సీటొచ్చిందండి," అన్నాడు. "అమ్మాయికి రాలేదటగా. పర్వాలేదమ్మా, ఓపెన్‌లో నిలబడ్డావు చూడు, అదే గొప్ప. సీటుదేముంది?"

సీటుదేముంది అంటున్న మనిషి చేతిలో, సీటొచ్చినందుకు పంచుతున్న లడ్డూలున్నాయి. ఆ సంగతి ఆయనకు తట్టలేదు. అలాంటివి ఆయనకు ఎప్పుడూ తట్టవు.

డబ్బా నాన్న ముందుకు చాపాడు. నాన్న ఒక లడ్డూ తీసుకున్నాడు. "కంగ్రాట్స్ సార్," అని, అక్కడే నిలబడి తినడం మొదలుపెట్టాడు. కొంచెం కొంచెంగా తుంచుకుని, కింద పడకుండా ఎడమచెయ్యి అడ్డం పెట్టుకుని, పూర్తిగా తిన్నాడు. సుదర్శనరావు గారు ఆయన తినేదాకా నిలబడి, సంతోషంగా దిగిపోయాడు.

నేను నాన్న చేతుల వైపే చూస్తున్నాను. ఏడుపు రాలేదు. ఈ మనిషికి ఇక నేను ఏదీ చెప్పుకోను అనిపించింది, అంతే.

తెల్లారి అమ్మ రెండు బ్యాగులు సర్దింది. కోదాడ బస్టాండులో సూర్యాపేట బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో పెన్‌పహాడ్‌లోని మామ ఇంటికి పోయాం. నాన్న బస్టాండు దాకా వచ్చాడు. బ్యాగు మోయబోతే అమ్మ ఇవ్వలేదు.

నాన్న మా కోసం పెన్‌పహాడ్ వచ్చేసరికి బతుకమ్మ పండగ దగ్గరపడింది. సంగీత కూడా సెలవులకు ఇంటికొచ్చింది. అది మిర్యాలగూడలో నర్సింగ్ కాలేజీలో చేరింది. మామ మంచం వాల్చి నాన్నను కూర్చోబెట్టాడు. ఎవరూ సీటు మాట ఎత్తలేదు. నాన్నే ఎత్తాడు.

"సంగీతా, వచ్చే ఏడు మళ్ళ రాయి బిడ్డా. కోచింగ్ నేను చూసుకుంట."

సంగీత తంగేడు పూల కట్ట విప్పుతోంది. తల ఎత్తలేదు.

"వద్దు మామా. నర్సింగ్ మంచిగనే ఉన్నది."

"నీ కోసమేనే నేను..."

"నువ్వు ఇడిచిన సీటు నాకు రాలే మామా," అంది సంగీత. కోపంగా కాదు, పూలు చిన్నా పెద్దా వేరు చేసుకుంటూ. "నా మార్కులకు ఎట్లొస్తది? ఎవరికొచ్చిందో నాకు తెల్వదు, నీకూ తెల్వదు. వచ్చినోళ్ళు పేదోళ్ళో ఉన్నోళ్ళో గూడ తెల్వదు. వదినకు వస్తే నాకు తెలిసిన డాక్టరొకతి ఉండేది."

మామ దాన్ని కసిరాడు. నాన్న వద్దని చెయ్యి ఊపాడు. చాయ్ తాగి, వెళ్ళేముందు నా దగ్గరికి వచ్చి, "వచ్చే ఆదివారం వేదికోళ్ళు సన్మానం పెట్టిన్రు. నువ్వూ అమ్మా రాండ్రి," అన్నాడు. అమ్మ రానని నాతోనే అంది. నేను వెళ్ళాను. ఏం చూద్దామని వెళ్ళానో నాకే తెలియదు. బహుశా ఆయన్ను ఇంకొంచెం అసహ్యించుకుందామని.

అదే ఫంక్షన్ హాలు, అవే మొహాలు, వెనక వాకిట్లో అదే బిర్యానీ వాసన. ఈసారి స్కూలు పిల్లలను కూడా తెచ్చి వెనక వరుసల్లో కూర్చోబెట్టారు. సుదర్శనరావు గారు మైకు పట్టుకున్నాడు. ప్రతిభతో సీటు సాధించిన ప్రణీత్ అన్నాడు. ఆదర్శ తండ్రి జయరాజు గారు అన్నాడు. ఇద్దరికీ ఒకేలాంటి శాలువాలు కప్పారు. నాన్నను రెండు మాటలు మాట్లాడమన్నారు.

నాన్న లేచి, శాలువా మడిచి కుర్చీ మీద పెట్టాడు.

"ప్రణీత్‌కు నా బిడ్డ కంటె మార్కులు తక్కువొచ్చినయ్," అన్నాడు. "అయినా సీటొచ్చింది. నాకు సంతోషమే. ఏ కోటాల వచ్చిందో గూడ సార్ చెప్తే బాగుంటది. ఈడ పిల్లలున్నరు గదా. మిల్లు ఉన్నోళ్ళు పేదోళ్ళెట్ల అయితరో వాళ్ళక్కూడ తెలుస్తది."

అంతే అని కూర్చున్నాడు. గొంతు పెంచలేదు. బళ్ళో పిల్లవాణ్ణి లెక్క అడిగినట్టు అడిగాడు.

కళ్ళు చెమర్చిన డాక్టరు గారు ఫోన్ తీసి అందులో తల దూర్చాడు. ప్రణీత్ శాలువా అంచు పట్టుకుని నలుపుతున్నాడు. సుదర్శనరావు గారు మైకు దగ్గరికి వచ్చి, గొంతు సవరించుకున్నాడు.

"అది వేరే విషయం," అన్నాడు. "భోజనాలు సిద్ధంగా ఉన్నాయి."

నాన్నను మెచ్చుకోవాలని నాకు అనిపించలేదు. ఆ ప్రశ్న నేను ఈడబ్ల్యూఎస్ సంగతి చెప్పిన రోజే అడిగి ఉంటే నేనీపాటికి కాలేజీలో ఉండేదాన్ని. కానీ తిండి తినకుండా ఆయన బయటికి నడుస్తుంటే, నేనూ లేచి పక్కనే నడిచాను. ఆ రాత్రి పెన్‌పహాడ్ తిరిగి వెళ్ళకుండా కోదాడ ఇంట్లోనే ఉన్నాను.

మర్నాడు పొద్దున్నే సుదర్శనరావు గారు మెట్ల కిందినుంచి పిలిచాడు.

"మా అమ్మాయి వాళ్ళు వచ్చేస్తున్నారండి. పై పోర్షన్ కావాలి. త్వరగా చూసుకోండి."

"సరే సార్," అన్నాడు నాన్న.

సుదర్శనరావు గారు అంతటితో ఊరుకోవచ్చు. ఆయనకు చేతకాలేదు.

"మీ లోపల కులం ఎంత లోతుగా ఉందో నిన్న తెలిసింది జయరాజు గారూ. నాకైతే ఏనాడూ లేదు. అందుకే ఇల్లిచ్చాను."

నాన్న పైమెట్టు మీద నిలబడి ఆయన వైపు చూశాడు. "కిరాయి తీసుకునే ఇచ్చిన్రు సార్," అని లోపలికి వచ్చాడు.

సూర్యాపేటలో ఇల్లు చూసుకున్నాం, నాన్నతో మాట కలపకుండానే అమ్మ కూడా వచ్చి చేరింది. నాన్న అక్కడి నుంచే రోజూ బడికి బస్సులో వెళ్ళివచ్చేవాడు. చివరి సామాను కోసం అమ్మా నేనూ నాన్నా దసరా తర్వాత కోదాడ వెళ్ళాం. మా మంచాలు ఇంకా పైనే ఉన్నాయి, గేటుకు అప్పుడే టు-లెట్ బోర్డు వేలాడుతోంది. కూతురూ అల్లుడూ వస్తున్నారన్న మాట ఆయనకు గుర్తున్నట్టు లేదు. బోర్డు కింద పెద్ద అక్షరాలతో రాసి ఉంది: శాకాహారులకు మాత్రమే.

ఆ రోజు ఆదివారం. కింది వంటింట్లోంచి కోడికూర తాలింపు వాసన వీధి దాకా వస్తోంది.

అమ్మ బోర్డు చదివింది. ముక్కు ఎగబీల్చింది. నవ్వడం మొదలుపెట్టింది. గేటు పట్టుకుని, కళ్ళనిండా నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. వానాకాలం మొదలైన దగ్గర్నుంచి అమ్మ నవ్వగా చూడలేదు నేను. "జర మెల్లగ," అన్నాడు నాన్న.

"మెల్లగెందుకు?" అంది అమ్మ. నాన్న దరఖాస్తు నింపిన రోజు నుంచి ఆయనతో సూటిగా మాట్లాడిన మొదటి మాట అదే.

తర్వాతి ఏడు దరఖాస్తు నేనే నింపాను. సర్టిఫికెట్ నేనే పెట్టాను. సూర్యాపేట కాలేజీలో ఎస్సీ కోటాలో సీటొచ్చింది. నాన్న స్వీట్లు తెచ్చి మా వీధిలో పంచాడు. ఏ కోటా అని అడిగినవాళ్ళకు చెప్పాడు, అడగనివాళ్ళకూ చెప్పాడు. ఆయనతో ఇప్పుడు మామూలుగానే మాట్లాడతాను. ముఖ్యమైనవి మాత్రం అమ్మకు చెప్తాను.

కాలేజీ మొదటి వారంలో క్యాంటీన్‌లో చాయ్ తాగుతుంటే ప్రణీత్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. సెకండియర్‌లో ఉన్నాడు. తెల్లకోటు చేతి మీద వేసుకున్నాడు. వాళ్ళ తాత ఆరోగ్యం గురించి నేనడగలేదు, వాడే చెప్పాడు. తర్వాత అటూ ఇటూ చూసి ముందుకు వంగాడు.

"కళ్యాణీ, చిన్న హెల్ప్. నాది ఈడబ్ల్యూఎస్ అని ఇక్కడెవరికీ చెప్పకు. అందరూ ఓపెన్ అనుకుంటున్నారు."

"మరి నాది ఎస్సీ అని చెప్పినవా?"

"అందులో చెప్పేదేముంది?" అన్నాడు వాడు ఆశ్చర్యంగా. "అది అందరికీ తెలుసు కదా."

వాడి మొహంలోకి చూశాను. దాచిపెట్టిన వెటకారమేమీ లేదు. తను అడిగినదానికీ, చెప్పినదానికీ మధ్య తేడా ఏముందో వాడికి నిజంగానే తెలియదు.

"ఎవరన్న అడిగితే చెప్త," అన్నాను.

వాడు నవ్వాడు, నేను తమాషా చేస్తున్నాననుకుని.